ఈస్టర్ గుడ్లకు ఆకుల అచ్చు: మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

- తెల్ల గుడ్లే తీసుకోండి. సన్నగా పగిలినా పక్కన పెట్టి అప్పుడే ఆమ్లెట్ వేసేయండి.

- ఆకులకు కొత్తిమీర, మునగాకు, చింతచిగురు చాలు. గన్నేరు, ఉమ్మెత్త విషం. తిరుపతి రోడ్ల పక్కన ఎంత ముద్దొచ్చినా ముట్టుకోకండి.

- తడి ఆకును గుడ్డుకు అంటించి, పాత నైలాన్ సాక్సు ముక్కలో బిగించి దారం కట్టండి. కొంచెం వదులైనా రంగు ఆకు కిందికి పాకి, ఈనెలన్నీ అలుక్కుపోతాయి. నా మొదటి డజను అలాగే పోయింది.

- రంగు కోసం ఉల్లిపొట్టు, వెనిగర్ స్టీలు గిన్నెలోనే మరిగించండి. అల్యూమినియం వద్దు.

- రంగుకు పసుపు వాడితే, మరకలవుతాయి కాబట్టి మీరు పాత బట్టలు వేసుకోండి.

- ఈ ఎండల్లో ఉడికిన గుడ్డు గంటకు మించి బయట ఉంటే అలంకారానికే, తినడానికి కాదు.