డెస్క్‌టాప్‌లో కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించడం ఎలా?

ఎస్‌ఎస్‌డీని (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే స్టోరేజీ డ్రైవ్) మదర్‌బోర్డుకు బిగించడం పెద్ద పనేమీ కాదు. స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. టెన్షన్ అంతా ఆ తర్వాతే మొదలవుతుంది. కొత్త డ్రైవ్ కనిపించదు, లేదా పాత హార్డ్ డిస్క్ మాయమవుతుంది, లేదా డబ్బా మీద రాసిన స్పీడులో సగం కూడా రాదు. చాలాసార్లు వీటికి కారణం ఒకటే: ఏ స్లాట్‌లో ఏది పెట్టాలో ముందే చూసుకోకపోవడం. అందుకని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి ముందు బోర్డు మాన్యువల్ తెరవండి.

కొనకముందే చూసుకోవాల్సినవి

మీ మదర్‌బోర్డు మోడల్ తెలియకపోతే విండోస్ స్టార్ట్ మెనూలో 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్' అని వెతకండి. అందులో 'బేస్‌బోర్డ్ ప్రొడక్ట్' అన్న వరుసలో ఆ పేరు ఉంటుంది. దాంతో తయారీ కంపెనీ సైట్‌లో వెతికితే మాన్యువల్ పీడీఎఫ్ దొరుకుతుంది. అందులో స్టోరేజీ గురించిన పేజీలు చదివితే చాలు.

డ్రైవ్‌లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది సాటా అనే కనెక్షన్‌కు కేబుల్‌తో కలిపేది: 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ, 3.5 అంగుళాల హార్డ్ డిస్క్. సాటా ఎస్‌ఎస్‌డీ వేగం సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, ఏ కంపెనీది కొన్నా అంతే. రెండోది బోర్డు మీదే నేరుగా కూర్చునే ఎం.2 డ్రైవ్. దాని మీద 2280 అని ఉంటే వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 80 మిల్లీమీటర్లు అని అర్థం. పొట్టివి 2230, 2242 సైజుల్లో వస్తాయి.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఎం.2 అన్నది ఆకారం మాత్రమే. అదే ఆకారంలో లోపల సాటా ఉండొచ్చు, దానికంటే వేగమైన ఎన్‌వీఎంఈ ఉండొచ్చు. పిన్నుల వరుసలో ఒకే గాడి ఉంటే అది సాధారణంగా ఎన్‌వీఎంఈ. రెండు గాళ్లు ఉంటే చాలావరకు సాటా. కొన్ని స్లాట్లు రెండింటినీ తీసుకుంటాయి, కొన్ని ఒకదాన్నే తీసుకుంటాయి. ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకునే స్లాట్‌లో సాటా ఎం.2 చక్కగా కూర్చుంటుంది, స్క్రూ కూడా పడుతుంది, కానీ సిస్టమ్‌కు కనిపించదు.

ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు పీసీఐఈ అనే దారిలో డేటా పంపుతాయి, ఆ దారికీ తరాలున్నాయి. పీసీఐఈ 3.0 డ్రైవ్‌లు సెకనుకు దాదాపు 3,500 ఎంబీ, 4.0 డ్రైవ్‌లలో వేగమైనవి 7,000 ఎంబీ దాకా చదువుతాయి. 4.0 డ్రైవ్‌ను 3.0 స్లాట్‌లో పెట్టినా పనిచేస్తుంది, వేగం తగ్గుతుందంతే. నన్నడిగితే, బ్రౌజింగ్, ఆఫీసు పనులు, మామూలు గేమ్‌ల కోసమే అయితే ఈ తేడా కోసం అదనంగా ఖర్చు పెట్టక్కర్లేదు. హార్డ్ డిస్క్ నుంచి ఏదో ఒక ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు కనిపించే మార్పు ముందు ఇది చాలా చిన్నది.

ఇక స్లాట్ల సంగతి. పైన, ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న ఎం.2 స్లాట్ చాలా బోర్డుల్లో నేరుగా ప్రాసెసర్‌కే కలిసి ఉంటుంది. కిందివి చిప్‌సెట్ (బోర్డు మీద ఉండే మరో నియంత్రణ చిప్) ద్వారా వెళ్తాయి. ఏఎండీ బీ550 బోర్డుల్లో పై స్లాట్ 4.0, చిప్‌సెట్ నుంచి వచ్చేది 3.0. అయితే అదే బోర్డులో రైజెన్ 5 5600జీ వేస్తే పై స్లాట్ కూడా 3.0కే పరిమితమవుతుంది, ఎందుకంటే ఆ ప్రాసెసర్‌లోనే 4.0 లేదు. ఇంటెల్ బీ560 బోర్డుల్లో ఇంకో చిక్కు ఉంది. వాటిలో చాలావాటికి 10వ తరం ప్రాసెసర్ పెడితే పై స్లాట్ అసలు పనిచేయదు, 11వ తరం ఉండాల్సిందే. డ్రైవ్ పాడైందని షాపుకు తిరిగి పట్టుకెళ్లే ముందు మాన్యువల్‌లోని స్లాట్ల పేజీ చూడండి.

మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉండే మరో వాక్యం కూడా ముఖ్యం: ఫలానా ఎం.2 స్లాట్ వాడితే ఫలానా సాటా పోర్టులు పనిచేయవు అని. రెండూ ఒకే దారిని పంచుకుంటాయి కాబట్టి ఇలా జరుగుతుంది. పాత హార్డ్ డిస్క్ మాయమైందని కంగారుపడేవాళ్లలో చాలామంది దాని కేబుల్‌ను వేరే పోర్టుకు మారిస్తే సరిపోతుంది.

స్క్రూ గురించి కూడా ఒక మాట. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా ఎం.2 స్క్రూ చాలాసార్లు డ్రైవ్‌తో రాదు. అది మదర్‌బోర్డు డబ్బాలో వస్తుంది. ఆ డబ్బా ఇప్పుడు లేకపోతే డ్రైవ్ కొనేచోటే అడిగి తీసుకోండి.

బిగించే విధానం

1. ముఖ్యమైన ఫైళ్లు వేరే చోట కాపీ చేసుకోండి. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేస్తే సిస్టమ్ పూర్తిగా ఆగిపోతుంది. తర్వాత ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) వెనక స్విచ్ ఆపి, పవర్ కేబుల్ తీసేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది.

2. వెనక స్క్రూలు విప్పి సైడ్ ప్యానెల్ తీయండి. బోర్డు పైకి కనిపించేలా క్యాబినెట్‌ను పడుకోబెడితే పని సులువు. ఏది ముట్టుకునే ముందైనా క్యాబినెట్ లోపల రంగు లేని ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి, ఒంట్లోని స్టాటిక్ దిగిపోతుంది. ఎం.2 స్లాట్ గ్రాఫిక్స్ కార్డు కింద ఉంటే ముందు కార్డు తీయాలి. దాని స్లాట్ చివరి లాక్ నొక్కకుండా గుంజకండి.

3. స్లాట్ మీద హీట్‌సింక్ ఉంటే విప్పండి. దాని అడుగున మెత్తటి థర్మల్ ప్యాడ్ ఉంటుంది, ఆ ప్యాడ్‌కు పల్చటి ప్లాస్టిక్ పొర అంటి ఉంటుంది. దాన్ని తీసేయాలి. అలాగే వదిలేస్తే వేడి సరిగా బయటకు పోదు. డ్రైవ్ మీది స్టిక్కర్ మాత్రం పీకకండి, వారంటీ పోవచ్చు.

4. డ్రైవ్ పొడవుకు సరిపడే రంధ్రంలో స్క్రూ దిగే చిన్న ఇత్తడి స్టాండాఫ్ ఉందో లేదో చూడండి. లేకపోతే అమర్చండి. అది లేకుండా స్క్రూ వేస్తే డ్రైవ్ వంగిపోతుంది.

5. గాడి సరిచూసుకుని డ్రైవ్‌ను దాదాపు 30 డిగ్రీల వాలులో స్లాట్‌లోకి తోయండి. బంగారు రంగు పిన్నులు లోపలికి వెళ్లిపోవాలి. వదిలేస్తే ఏటవాలుగా లేచే ఉంటుంది, అది మామూలే. వేలితో కిందికి అదిమి స్క్రూ వేయండి. కదలకుండా ఉంటే చాలు, గట్టిగా తిప్పితే ఆ సన్నటి స్క్రూ తల అరిగిపోతుంది. తర్వాత హీట్‌సింక్, గ్రాఫిక్స్ కార్డు తిరిగి పెట్టండి.

సాటా డ్రైవ్ అయితే

డ్రైవ్‌ను క్యాబినెట్‌లో దాని చోట బిగించి రెండు కేబుళ్లు కలపాలి. సన్నటిది డేటా కేబుల్, మదర్‌బోర్డుకు వెళ్తుంది. వెడల్పాటిది పవర్, ఎస్‌ఎంపీఎస్ నుంచి వస్తుంది. రెండింటి మూతీ 'ఎల్' ఆకారంలో ఉంటుంది కాబట్టి తిరగేసి పెట్టడం కుదరదు. బలవంతం చేస్తే డ్రైవ్ మీది ప్లాస్టిక్ విరుగుతుంది.

ఇక్కడ నిజంగా భయపడాల్సింది ఒక్కటే. మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (కేబుళ్లను విడిగా తీసి పెట్టుకునే రకం) ఉన్నవాళ్లు దాంతోపాటు వచ్చిన పవర్ కేబుళ్లే వాడాలి. వేరే కంపెనీ కేబుల్, ఒక్కోసారి అదే కంపెనీలో వేరే మోడల్ కేబుల్ కూడా అచ్చంగా అతుకుతుంది. కానీ ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల క్రమం వేరుగా ఉండొచ్చు. అలా ఉంటే స్విచ్ వేయగానే డ్రైవ్ కాలిపోవచ్చు, డేటా కూడా దాంతోనే పోతుంది.

ఆన్ చేశాక

డిలీట్ లేదా ఎఫ్2 కీ నొక్కుతూ బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల స్క్రీన్) వెళ్లి స్టోరేజీ జాబితాలో కొత్త డ్రైవ్ ఉందో చూడండి. లేకపోతే పవర్ ఆపి, తీసి మళ్లీ పెట్టండి. అప్పటికీ రాకపోతే మాన్యువల్‌లోని స్లాట్ల పట్టిక దగ్గరికే వెళ్లాలి.

బయోస్‌లో ఉండి విండోస్‌లో లేకపోతే అది లోపం కాదు. కొత్త డ్రైవ్ ఖాళీగా వస్తుంది. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి 'డిస్క్ మేనేజ్‌మెంట్' తెరవండి. ఇనిషియలైజ్ చేయమని అడిగితే జీపీటీ ఎంచుకోండి. పాత ఎంబీఆర్ పద్ధతి 2 టీబీ దాటితే పనికిరాదు. తర్వాత ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి 'న్యూ సింపుల్ వాల్యూమ్' నొక్కి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేయండి. డేటా ఉన్న పాత డ్రైవ్‌ను ఇనిషియలైజ్ చేయమని అడిగితే మాత్రం ఒప్పుకోకండి. 1 టీబీ డ్రైవ్‌కు 931 జీబీ చూపిస్తే మోసమేమీ లేదు, కంపెనీ లెక్క వెయ్యితో, విండోస్ లెక్క 1,024తో.

కొత్త డ్రైవ్‌లోనే విండోస్ వేయాలనుకుంటే ఆ కాసేపు పాత డ్రైవ్ కేబుల్ తీసేయండి. లేకపోతే బూట్ ఫైళ్లు పాతదాంట్లోకి వెళ్లి, రేపు దాన్ని తీసేసిన రోజున సిస్టమ్ లేవదు. 11వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ సిస్టమ్‌లలో విండోస్ సెటప్‌కు డ్రైవ్ కనిపించకపోతే, బయోస్‌లో వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజీ సెట్టింగ్ ఆన్‌లో ఉండటం కారణం కావచ్చు. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని 'లోడ్ డ్రైవర్' ద్వారా ఇవ్వాలి.

చివరగా క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 'ట్రాన్స్‌ఫర్ మోడ్' చూడండి. ఇప్పుడు నడుస్తున్న వేగం, డ్రైవ్‌కు చేతనైన వేగం పక్కపక్కనే ఉంటాయి. పీసీఐఈ 4.0 డ్రైవ్‌కు మొదటి అంకె 3.0 అని ఉండి, మీ ప్రాసెసర్‌కు 4.0 ఉంటే, డ్రైవ్‌ను పై స్లాట్‌కు మార్చి చూడండి.