రాక్ క్లైంబింగ్‌తో పాటు పరుగు, జిమ్: వారంలో ఏ రోజు ఏది చేయాలి?

కావలసినవి కొన్నే. పరుగుకు బూట్లు, బండకు బిగుతు బూట్లు, చేతులకు సుద్దపొడి, పుల్‌అప్ రాడ్, 20 మిల్లీమీటర్ల అంచున్న చెక్కపట్టీ.

మంగళ, శనివారాలు బండ. బుధవారం 40 నిమిషాల పరుగు, గురువారం బరువులు, ఆదివారం గంట పరుగు. సోమ, శుక్రవారాలు విశ్రాంతి. మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగం చాలు. ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరం వాలుగా ఉంటుంది కాబట్టి వెళ్లినంత దూరం అదే ఇసుక మీద వెనక్కి రండి, లేకపోతే భారమంతా ఒకే కాలి మీద పడుతుంది. ఆదివారం 1,501 మీటర్ల మహేంద్రగిరి కొండ ఎక్కితే మంచిదే, దిగేటప్పుడు మాత్రం పరిగెత్తొద్దు. తొడలు పట్టేస్తే మంగళవారానికి కూడా బండ మీద కాలు నిలవదు.

అందరూ పాడుచేసేది బరువుల రోజు. శుక్రవారం డెడ్‌లిఫ్టులు (నేల మీది బరువును నడుము దాకా లేపడం), పుల్‌అప్స్ చేసి శనివారం బండెక్కుతారు. రాడ్‌ను పట్టేదీ, బండను పట్టేదీ ముంజేతిలోని అవే కండరాలు. అవి అలిసిపోతే తెలియకుండానే వేళ్లు ముడిచి, బొటనవేలు పైన వేసి లాగుతాం. అప్పుడు టెండన్‌ను, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడును, వేలి ఎముకకు అదిమి ఉంచే పట్టీల మీద, అంటే పుల్లీల మీద విపరీతమైన భారం పడుతుంది. టప్పుమని తెగేది అవే. టేపు చుట్టి మళ్లీ ఎక్కకండి, డాక్టరుకు చూపించండి.

కండరం వారాల్లో బలపడుతుంది, టెండన్లకూ పుల్లీలకూ నెలలు పడుతుంది. అందుకే వేళ్లకు పని పెట్టిన ప్రతిసారీ 48 గంటల విరామం తప్పనిసరి. గురువారం ముందు వేళ్ల పని, తర్వాతే బరువులు. ఒళ్లు వేడెక్కాక, కాళ్లు స్టూలు మీద ఆనించి చెక్కపట్టీకి వేలాడండి. వేళ్ల మధ్య కణుపులు దాదాపు 90 డిగ్రీలు వంగాలి, బొటనవేలు పైకి రాకూడదు. 10 సెకన్లు వేలాడి 3 నిమిషాలు ఆగండి. ఇలా ఐదుసార్లు. ఇంకో రెండు సెకన్లు ఉండగలం అనిపించినప్పుడే దిగాలి. మొదటి ఏడాది నడుముకు బరువు కట్టొద్దు.

డెడ్‌లిఫ్ట్‌కు స్ట్రాప్స్ (మణికట్టును రాడ్‌కు కట్టే పట్టీలు) వాడండి. చేతిపట్టు కోసం వాటిని వద్దనేవాళ్ల మాట వినకండి, ఆ పట్టు బండ మీదే వస్తుంది. ఐదేసి చొప్పున మూడు సెట్లు చాలు. పదిహేనేసి చేసి కండ పెంచితే, ఆ బరువునీ మోయాల్సింది వేళ్లే. పుషప్స్ మానొద్దు, ఎప్పుడూ లాగే భుజానికి నెట్టే పనీ కావాలి.

రాయగడ, కోరాపుట్ వైపు ఉండే ఖోండలైట్ అనే రాతి బండలు పైన పొరలుగా ఊడతాయి. పట్టు ఊడితే ఒంటి బరువంతా రెండో చేతి వేళ్ల మీదికి ఒక్కసారిగా వస్తుంది. లాగే ముందు పిడికిలితో తట్టండి, బోలు శబ్దమొస్తే ఆ పట్టు వదిలేయండి. వాన పడితే బండ పూర్తిగా ఆరేదాకా ఆగండి.

ప్రతి నాలుగో వారం బండా, బరువులూ సగానికి తగ్గించండి. పరుగు మామూలుగానే సాగనివ్వండి.