కంప్యుటేషనల్ బయాలజీలో పీహెచ్‌డీ: ముందు ఒక బొమ్మ మళ్లీ గీయండి

జీవశాస్త్ర డేటాని కంప్యూటర్‌తో విశ్లేషించే ఈ పీహెచ్‌డీకి వెళ్దామనుకునేవాళ్లు ఎక్కువగా అడిగేది, ప్రోగ్రామింగ్ భాషల్లో పైథాన్ నేర్చుకోవాలా, ఆర్ నేర్చుకోవాలా అని. ఏదో ఒకటి చాలండి, రెండోది అవసరం పడినప్పుడు వస్తుంది. దానికన్నా ముందు, ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ (ఏ జీన్ ఎంత పనిచేస్తోందో కొలిచే పద్ధతి) చేసిన చిన్న పరిశోధనా పేపర్ ఒకటి తీసుకుని, అందులో ఒక్క బొమ్మని, వాల్కానో ప్లాట్ (ఏ జీన్లలో తేడా ఎంత, అది ఎంత నమ్మదగినదో చూపే గ్రాఫ్) అయినా సరే, మీ అంతట మీరు మళ్లీ గీయండి.

పేపర్ చివర్లో జీఎస్ఈతో మొదలయ్యే నంబర్ ఉంటే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌సీబీఐ వారి జియో డేటాబేస్‌లో వెతకండి, డేటా ఉచితమే. కౌంట్స్ ఫైల్ (ఒక్కో జీన్ నుంచి ఎన్ని ఆర్ఎన్ఏ ముక్కలు లెక్కకొచ్చాయో ఉండే పట్టిక) దించుకుని, తేడాలు లెక్కగట్టే డీసెక్2 అనే సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వండి, అయితే ముడి కౌంట్లే ఇవ్వాలి, నార్మలైజ్ చేసిన (శాంపిల్స్ మధ్య పోల్చడానికి ముందే సర్దిన) అంకెలు కాదు. ఆ ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకండి. నేను ఒకసారి చేశాను, సెప్ట్2 అనే జీన్ ఉండాల్సిన గడిలో 2-సెప్ అని తేదీ కూర్చుంది, అది తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఈ బాధ పడలేకే 2020లో ఆ జీన్ల పేర్లే మార్చేశారు, సెప్ట్2 ఇప్పుడు సెప్టిన్2, కానీ పాత ఫైళ్లలో పాత పేర్లే ఉంటాయి.

వెట్ ల్యాబ్‌లో (శాంపిల్స్‌తో ప్రయోగాలు చేసే చోట) కూడా కొన్నాళ్లు కూర్చోండి, ఇది మాత్రం వదలొద్దు. కంట్రోల్ శాంపిల్స్ అన్నీ సోమవారం, మందు ఇచ్చినవన్నీ గురువారం తీశారనుకోండి, కనిపించే తేడా మందుదా రోజుదా అన్నది ఏ సాఫ్ట్‌వేరూ విడదీసి చెప్పలేదు. ప్రయోగం మొదలవ్వకముందే ఆ ప్రశ్న అడగాల్సింది మీరే.

అందుకే గైడ్‌ని ఎంచుకునేటప్పుడు డేటా ఎవరి ల్యాబ్ నుంచి వస్తుందో కనుక్కోండి, అక్కడి సీనియర్లతో విడిగా మాట్లాడండి. ఈ పీహెచ్‌డీ చేయగల సంస్థలు హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ట్రిపుల్ ఐటీ ఉన్నాయి, బెంగళూరులో ఎన్‌సీబీఎస్, చెన్నైలో ఐఎంఎస్‌సీ. చేరే దారి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది: నెట్ జేఆర్ఎఫ్, గేట్, జేజీబిల్స్ లాంటి పరీక్షలు, ట్రిపుల్ ఐటీకి దాని సొంత పరీక్ష. 2023 నుంచి జేఆర్ఎఫ్ (మొదటి రెండేళ్ల ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, రెండేళ్లయ్యాక ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000, హెచ్ఆర్ఏ వేరు. ఇంట్లోవాళ్ల టెన్షన్ తగ్గించడానికి ఈ అంకె పనికొస్తుంది.

బొమ్మ పేపర్‌లో ఉన్నట్టు రాకపోయినా కంగారు పడకండి. వాళ్లు మానవ జీనోమ్ పాత వెర్షన్ హెచ్‌జీ19 వాడి ఉంటారు, మీరు దించుకున్న ఫైల్ కొత్త వెర్షన్ హెచ్‌జీ38తో లెక్కగట్టి ఉంటుంది, లేదా తక్కువ కౌంట్ల జీన్లను వాళ్లు ముందే తీసేసి ఉంటారు. ఎక్కడ తేడా వచ్చిందో ఒక పేజీలో రాసుకుని, ఇంటర్వ్యూకి ఆ పేజీ పట్టుకెళ్లండి.