కార్ స్క్రీన్ అప్‌డేట్ కొట్టే ముందు ఇవి చూసుకోండి

ఫోన్‌లోని మ్యాప్, పాటలు కార్ స్క్రీన్ మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో అయినా, ఐఫోన్ వాళ్ల కార్‌ప్లే అయినా నడిచేది ఫోన్‌లోనే, కార్ స్క్రీన్ దాన్ని చూపించి మన టచ్‌ని ఫోన్‌కి పంపుద్ది అంతే, కాబట్టి మ్యాప్ ఆగిపోతుంటే ముందు ఫోన్ అప్‌డేట్ చేసి కేబుల్ మార్చి చూడండి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే ఎంతసేపు చూసినా కనెక్ట్ అవదు.

అప్పటికీ కుదరకపోతేనే కార్ సాఫ్ట్‌వేర్ జోలికెళ్లండి. అప్‌డేట్ ఫైల్ మీ కార్ మోడల్‌దే అయ్యుండాలి, కంపెనీ సైట్ నుంచే తీసుకోవాలి. ఆ ఫైల్ ఎక్కించే పెన్‌డ్రైవ్ కంపెనీ వాళ్లు చెప్పిన ఫార్మాట్‌లో ఉండాలి, చాలావాటికి ఫ్యాట్32.

బ్యాటరీ వీక్‌గా ఉంటే మొదలెట్టొద్దు, మధ్యలో పవర్ పోతే స్క్రీన్ డెడ్ అవ్వొచ్చు. బెజవాడ ఎండలో కాకుండా నీడలో పెట్టండి, కానీ ఇంజిన్ ఆన్‌లో ఉంచమంటే మాత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వద్దండీ, ఆ పొగ ప్రాణానికే ప్రమాదం. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నడుపుతూ అస్సలు చేయకండి.