రోడ్డు సైకిలు గేర్లను ఇంట్లోనే సరిచేసుకోవడం ఎలా?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద ఏ ఆదివారం ఉదయమైనా కాసేపు నిలబడి వినండి. లక్ష రూపాయలు పోసి కొన్న సైకిళ్ళు కూడా నూనె లేని కుట్టుమిషనులా టకటకమంటూ పోతుంటాయి. గేరు సరిగా పడకపోతే చాలామంది ముందుగా చేసే పని, చైన్‌ను ఒక పళ్ళచక్రం మీది నుంచి మరోదాని మీదికి జరిపే వెనక డీరేలర్ మీద ఎదురుగా కనిపించే రెండు చిన్న స్క్రూలను పట్టుకుని తిప్పేయడం. దానితో గేరు ఇంకా చెడుతుంది, ఇంకాస్త తిప్పుతారు, చివరికి సైకిలును కారు వెనక కట్టుకుని దుకాణానికి వెళతారు. ఆ స్క్రూలు తమంతట తాము తిరగవు. నిన్నటిదాకా బాగా పడిన గేరు ఈ రోజు పడటం లేదంటే తప్పు కేబుల్‌లోనో, డీరేలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే హ్యాంగర్‌లోనో ఉంటుంది తప్ప స్క్రూలలో ఉండదు. ఈ ఒక్క మాట గుర్తున్నవారికి కింద రాసినదంతా సులువుగానే ఉంటుంది.

ముందు పనిముట్ల సంగతి. సైకిల్ పనిముట్లంటూ నీలం పెట్టెలో ముప్ఫై నలభై వస్తువులు పేర్చి అమ్మే సెట్లను కొనవద్దు, వాటిలో సగం మీ సైకిలుకు పట్టవు, మిగిలిన సగం రెండో వాడకానికే అరిగిపోతాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని హార్డ్‌వేర్ దుకాణాల్లో టపారియా కంపెనీ ఆరుపలకల అలెన్ కీల సెట్టు ఒకటి తీసుకుంటే రోడ్డు సైకిలు పనిలో ఎక్కువ భాగం దానితోనే అయిపోతుంది, ఎందుకంటే బోల్టుల్లో అధికభాగం 4, 5 మిల్లీమీటర్లవే. చివర గుండ్రంగా ఉండే కీలు ఏటవాలుగా కూడా దూరతాయని కొందరు ఇష్టపడతారు గాని, గట్టిగా బిగించే పనికి అవి పనికిరావు, బోల్టు తలను తినేస్తాయి. నేరుగా ఉన్నవే తీసుకోవాలి. వీటితోపాటు ఆరు కోణాల నక్షత్రం మొన ఉన్న టీ25 కీ ఒకటి, చైన్ కట్టర్, కేబుల్ కట్టర్, రెండడుగుల స్టీలు స్కేలు, మీటరు ఉన్న నిలువు పంపు కావాలి. కార్బన్ భాగాలు ఉన్న సైకిలైతే బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచ్ కూడా తప్పదు. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ బోల్టుల మీద సాధారణంగా 5 న్యూటన్ మీటర్లని రాసి ఉంటుంది, ఆ 5 ఎంతో చేతికి తెలుసునని చెప్పేవారి సైకిళ్ళలో పగిలిన హ్యాండిల్‌బార్లు చూశాను. టార్క్ రెంచ్‌ను పక్కన పెడితే నాకు మొత్తం ఐదు వేల రూపాయల లోపే అయింది.

కేబుల్ కట్టర్ ఎందుకు, ఇంట్లో కటింగ్ ప్లేయర్ ఉంది కదా అని అడుగుతారు. కటింగ్ ప్లేయర్‌తో కోస్తే గేరు వైరు పోగులు చీపురులా విచ్చుకుంటాయి, ఆ చివర మళ్ళీ వైరు మీది తొడుగైన ఔటర్‌లోకి దూరదు, పైగా ఆ పోగుల్లో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు గోరు కింద దిగుతుంది. కట్టర్‌కు పెట్టే డబ్బు దండగ కాదు.

సైకిలును నిలబెట్టే స్టాండు మాత్రం కొనవలసిన పని లేదు. మన ఇళ్ళలో ఉయ్యాల కోసం పైకప్పుకు వేసిన కొక్కేలు ఖాళీగా ఉంటాయి, దానికి ఒక నైలాన్ తాడు కట్టి సీటు ముక్కును అందులో తగిలిస్తే వెనక చక్రం నేలకు జానెడు ఎత్తున గాలిలో తిరుగుతుంది. సైకిలును తలకిందులుగా నిలబెట్టి గేర్లు సరిచేయడం నాకు బొత్తిగా గిట్టదు. అలా పెడితే గేరు లివర్ల మీద సైకిలు బరువు పడుతుంది, లివరు నొక్కడానికి నేల మీద పాకాలి, అన్నిటికంటే ముఖ్యంగా డీరేలర్‌ను దాని సహజమైన భంగిమలో చూడలేము.

శుభ్రం చేయడం గురించి రెండు మాటలు చాలు. గిన్నెలు తోమే ద్రవం, ఒక బకెట్ నీళ్ళు, పాత బనియన్ గుడ్డ, అరిగిన పళ్ళ బ్రష్షు ఉంటే సరిపోతుంది. కార్లు కడిగేచోట ఇచ్చి ప్రెషర్ గన్‌తో కొట్టించవద్దు, బేరింగుల్లోని గ్రీజు కొట్టుకుపోయి నీళ్ళు చేరతాయి. చైన్ ఆరిన తరువాత లోపలి వైపు నుంచి ఒక్కో లింకుకు ఒక్కో చుక్క నూనె వేసి, పావుగంట ఆగి, పైకి కనిపించే నూనెనంతా తుడిచేయాలి. ఏప్రిల్, మే నెలల దుమ్ములో పొడి రకం లూబ్ (చైన్ నూనె), జూన్ నుంచి వానలు తగ్గేదాకా తడి రకం లూబ్ వాడాలి. టైర్లలో గాలి తొక్కే ముందు చూసుకోవాలి. డెబ్బై కిలోల మనిషికి, 25 మిల్లీమీటర్ల టైరుకు 80 నుంచి 85 పీఎస్ఐ చాలు. వీధి చివర పంక్చర్ దుకాణంలోని గొట్టం మన సన్న ప్రెస్టా వాల్వుకు పట్టదు గనుక ఒక చిన్న ఇత్తడి అడాప్టర్ సీటు కింది సంచిలో ఉంచుకోవాలి. బ్రేకు ప్యాడ్ల మీది గాడి చెరిగిపోతే మార్చాలి. డిస్కు బ్రేకులైతే ఆ డిస్కు మీద నూనె చుక్క కూడా పడనివ్వకూడదు.

గేర్ల జోలికి వెళ్ళే ముందు చైన్ సాగిందేమో కొలవాలి, సాగిన చైన్ మీద ఎంత సర్దుబాటు చేసినా వృథా. పెడల్‌ను కొద్దిగా ముందుకు నొక్కిపట్టి పై చైన్‌ను బిగువుగా ఉంచి, స్కేలు సున్నా గీతను ఒక పిన్ను నడిమధ్యన పెట్టండి. కొత్త చైన్‌లో దాని తరువాతి పిన్ను నుంచి లెక్కపెడితే ఇరవై నాలుగో పిన్ను మధ్యభాగం సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. అది గీత దాటి అంగుళంలో పదహారో వంతు, అంటే సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు ముందుకు జరిగితే 11, 12 స్పీడు సైకిళ్ళలో, అంటే వెనక అన్ని పళ్ళచక్రాలు ఉన్నవాటిలో, చైన్ మార్చే సమయం వచ్చినట్టే. ఎనిమిదో వంతుదాకా ఉపేక్షిస్తే చైన్‌తోపాటు క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి) పళ్ళు కూడా అరిగిపోయి, ఖర్చు రెండు మూడింతలవుతుంది. కొత్త చైన్ వేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సైకిలు భాగాలు తయారుచేసే షిమానో సంస్థ 11, 12 స్పీడు చైన్ల చివరలను కలిపే క్విక్ లింకులు ఒకసారి విప్పితే మళ్ళీ వాడేవి కావు, అందుచేత కొత్త లింకు చేతిలో లేకుండా పాతది విప్పవద్దు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. 1984కు ముందు రోడ్డు సైకిలు గేరు మార్చడమంటే లివర్‌ను చేత్తో కొద్దికొద్దిగా లాగుతూ, చప్పుడు ఆగేదాకా వెతుక్కోవడం. ఆ ఏడాది షిమానో సంస్థ తన రోడ్డు సైకిలు గేర్ల సెట్టు డ్యూరా ఏస్‌లో క్లిక్కుకు ఒక గేరు పడే పద్ధతిని తెచ్చింది. అంతవరకు తొక్కే మనిషి చెవి చేసిన పనిని అప్పటి నుంచి కేబుల్ బిగువు చేస్తోంది. ఒక్క క్లిక్కుకు కేబుల్ లాగబడే పొడవు స్థిరం, క్యాసెట్‌లో ఒక పళ్ళచక్రానికీ మరోదానికీ మధ్య దూరం 11 స్పీడులో నాలుగు మిల్లీమీటర్లకు కూడా తక్కువ. ఇంత ఇరుకులో కేబుల్ అర మిల్లీమీటరు వదులైనా చైన్ రెండు చక్రాల మధ్య తచ్చాడుతుంది. స్క్రూల పని వేరు. హెచ్, ఎల్ అని రాసి ఉన్న ఆ రెండూ చైన్ అటు చివర ఫ్రేమ్ వైపు, ఇటు చివర స్పోకుల వైపు పడిపోకుండా ఆపే కంచెలు మాత్రమే. మధ్య గేర్లతో వాటికి ఎలాంటి సంబంధం లేదు.

మొదట సైకిలు వెనక గొంతుకు కూర్చుని, ఒక కన్ను మూసి, ఫోను టార్చి వెలుగులో డీరేలర్‌ను చూడండి. దానిలోని రెండు చిన్న చక్రాలు, వాటి పైనున్న పళ్ళచక్రం ఒకే నిట్టనిలువు గీతలో ఉండాలి. కింది చక్రం స్పోకుల వైపు వాలి కనిపిస్తే హ్యాంగర్ వంగింది. ఫ్రేమ్‌కు డీరేలర్‌ను పట్టి ఉంచే ఆ అల్యూమినియం ముక్కను కావాలనే మెత్తగా చేస్తారు, సైకిలు కుడివైపు పడినప్పుడు ఫ్రేమ్ విరగకుండా అది వంగాలని. అపార్ట్‌మెంట్ సెల్లారులో పక్క స్కూటరు తగిలి పడినా అది వంగుతుంది, మీకు తెలియకపోవచ్చు. వంగిన హ్యాంగర్ మీద కేబుల్, స్క్రూ ఏది తిప్పినా ఒక గేరు కుదిరితే మరో గేరు చెడుతుంది. ఇక్కడ పని ఆపి హ్యాంగర్‌ను మార్చండి. ఒక్కో ఫ్రేమ్‌కు ఒక్కో ఆకారం ఉంటుంది గనుక పాతది చేతిలో పట్టుకుని పోల్చి కొనాలి, కొనేటప్పుడు రెండు కొనాలి.

హ్యాంగర్ తిన్నగా ఉంటే చైన్‌ను అన్నిటికంటే చిన్న పళ్ళచక్రం మీదికి తెచ్చి, కేబుల్ వెనక చివర ఉన్న సర్దుబాటు గొట్టం దగ్గర నిలబడండి. లివర్‌ను ఒక్క క్లిక్కు నొక్కి పెడల్‌ను చేత్తో తిప్పండి. చైన్ వెంటనే రెండో చక్రం ఎక్కాలి. ఎక్కకపోతే, లేదా ఒక క్షణం తటపటాయించి ఎక్కితే, కేబుల్ వదులుగా ఉంది. వెనక నుంచి చూస్తూ గొట్టాన్ని అపసవ్యంగా పావు చుట్టు తిప్పండి. పావు చుట్టు అంటే పావు చుట్టే. మళ్ళీ కిందికి దించి, మళ్ళీ ఎక్కించి చూడండి. చైన్ రెండో చక్రాన్ని దాటి మూడోదాని మీదికి పోతుంటే బిగువు ఎక్కువైంది, సవ్యంగా పావు చుట్టు తిప్పండి. రెండో చక్రం మీద నిశ్శబ్దంగా తిరుగుతున్నప్పుడు, క్లిక్కు పడకుండా లివర్‌లోని వదులును మాత్రమే వేలితో తీసివేయండి. చైన్ మూడో చక్రం పళ్ళను వెంట్రుకవాసి తాకి సన్నగా గీరినట్టు వినిపించాలి, లివర్ వదలగానే ఆ చప్పుడు ఆగిపోవాలి. సరైన బిగువుకు ఇంతకుమించిన గుర్తు లేదు. సూదిలో దారం ఎక్కించేటప్పటి నిదానం ఇక్కడ కావాలి, వెనక ఫ్యాను శబ్దం కూడా ఆపేయండి.

నాలుగైదు చుట్లు తిప్పినా మార్పు రాకపోతే గొట్టాన్ని ఇంకా విప్పుకుంటూ పోవద్దు, ఊడి చేతికి వస్తుంది. కేబుల్ లోపల తుప్పుపట్టో, లివర్ లోపల పోగులు తెగో ఉంటుంది. షిమానో లివర్లలో వైరు తలకు దగ్గరగా, మలుపు దగ్గర ఒక్కో పోగే తెగడం తెలిసిన జబ్బు. చిన్న చక్రం మీది నుంచి పైకి ఎక్కడం రోజురోజుకూ బద్ధకమవుతుంటే అదే సూచన. వైరు పూర్తిగా తెగి, తల లివర్‌లో ఇరుక్కుంటే దాన్ని బయటికి తీయడం ఒక పూట పని. అంతదాకా రానివ్వకుండా ఏడాదికొకసారి, వానాకాలం అయ్యాక, వైరు మార్చేయాలి. కొత్త వైరును చేత్తో బిగువుగా లాగి బోల్టు బిగించే ముందు సర్దుబాటు గొట్టాన్ని పూర్తిగా లోపలికి తిప్పి, ఒక చుట్టు వెనక్కు తేవడం మరవకూడదు. ఆ బోల్టుకు 6 నుంచి 7 న్యూటన్ మీటర్లు చాలు.

ఇక ఎల్ స్క్రూ. ఇది కంచె అని చెప్పాను, కంచె కూలితే ఏమవుతుందో నాకు గండిపేట దారిలో తెలిసింది. ఇంట్లో గేరు పడటం లేదని ఎల్ స్క్రూను రెండు చుట్లు వదులు చేసి, గేరు బ్రహ్మాండంగా పడుతోందని సంబరపడి బయలుదేరాను. మొదటి ఎత్తులో పెద్ద చక్రానికి మార్చగానే చైన్ దాన్ని దాటి స్పోకుల్లో పడింది, డీరేలర్‌ను చక్రం లోపలికి ఈడ్చుకుపోయింది. హ్యాంగర్ విరిగింది, మూడు స్పోకులు తెగాయి, ఆటోలో సైకిలును అడ్డంగా పెట్టుకుని లంగర్‌హౌస్ మీదుగా ఇంటికి చేరాను. అప్పటి తప్పు పూర్తిగా నాదే.

అందుచేత ఎల్ స్క్రూను చూడవలసి వస్తే ఈ వరుసలోనే చూడండి. ముందువైపు పెడల్ దగ్గరి చిన్న పళ్ళచక్రం, వెనకవైపు అన్నిటికంటే పెద్ద పళ్ళచక్రం మీద చైన్ ఉండాలి. ఒక చేత్తో పెడల్‌ను నెమ్మదిగా తిప్పుతూ, రెండో చేతి బొటనవేలితో డీరేలర్‌ను స్పోకుల వైపు గట్టిగా నెట్టండి. తిరిగే స్పోకుల మధ్యకు వేలు పోకుండా చూసుకోవాలి. నెట్టినా చైన్ పెద్ద చక్రాన్ని దాటకపోతే స్క్రూ సరిగానే ఉంది, ముట్టుకోవద్దు. దాటబోతున్నట్టు అనిపిస్తే స్క్రూను సవ్యంగా చుట్టులో ఎనిమిదో వంతు బిగించి మళ్ళీ నెట్టి చూడండి. చైన్ పెద్ద చక్రం ఎక్కనే ఎక్కకపోతే, కేబుల్ బిగువు సరిగా ఉందని రూఢి చేసుకున్న తరువాతే అంతే కొలతలో వదులు చేయండి. పాత డీరేలర్ల స్క్రూ తలలు జపాను కొలతవి, మామూలు నక్షత్రం స్క్రూడ్రైవర్ వాటిని చెక్కేస్తుంది. జేఐఎస్ అని రాసి ఉన్నది ఒకటి కొనండి. కొత్త వాటికి 2 మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది. హెచ్ స్క్రూ సంగతి ఇంతకంటే తేలిక, చిన్న పళ్ళచక్రం బయటి అంచుకు సరిగ్గా కింద గైడు చక్రం (డీరేలర్‌లోని రెండు చిన్న చక్రాల్లో పైది) ఉండేలా చేస్తే చాలు. మూడోది బి స్క్రూ, పెద్ద చక్రానికీ గైడు చక్రానికీ మధ్య ఎడాన్ని అది నిర్ణయిస్తుంది. మామూలు రోడ్డు డీరేలర్లలో ఆ ఎడం 5, 6 మిల్లీమీటర్లు, అంటే 5 మిల్లీమీటర్ల అలెన్ కీ అందులో పట్టీపట్టనట్టు దూరాలి.

గాలిలో చేత్తో తిప్పినప్పుడు కుదిరిన గేరు మనిషి బరువు పడ్డాక కొద్దిగా మారుతుంది, కనుక అపార్ట్‌మెంట్ చుట్టూ నాలుగు సార్లు తొక్కి, బలంగా నొక్కకుండా ప్రతి గేరు వేసి చూడండి. కొత్త వైరు వేసినట్టయితే మొదటి వంద కిలోమీటర్లలో ఔటర్ చివరలు సర్దుకుని బిగువు తగ్గుతుంది, అప్పుడు గొట్టాన్ని ఇంకో పావు చుట్టు అపసవ్యంగా తిప్పవలసి వస్తుంది. వైరు చివరకు చిన్న అల్యూమినియం టోపీ తొడిగి ప్లేయర్‌తో నొక్కేయండి, లేకపోతే సైకిలు తుడిచే రోజున ఆ పోగులు మీ బనియన్ గుడ్డలోంచి నేరుగా వేలిలోకి దిగుతాయి.