విడిపోతారా, కలిసుంటారా? వార్త చదివే పద్ధతి

ఎక్కడో స్వాతంత్ర్య ర్యాలీ ఫొటో కనిపిస్తే చాలు, దేశం ముక్కలైపోతోందని నేనూ కంగారుపడేవాణ్ని. విడిపోవాలా వద్దా అని జనాన్నే నేరుగా అడిగే ఓటింగ్‌ను రిఫరెండం అంటారు. ఇప్పుడు ముందు ఆ బ్యాలెట్ మీది ప్రశ్న వెతుకుతాను. 2014లో బ్రిటన్‌లో భాగమైన స్కాట్లాండ్‌లో అడిగింది ఒక్క ముక్కే: స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా? కెనడాలోని క్యుబెక్‌లో 1995లో అడిగిన ప్రశ్న చదవాలంటే మాత్రం ఊపిరాడదు. భాగస్వామ్యం, బిల్లు, ఒప్పందం అన్నీ అందులోనే కుక్కారు. అక్కడ 'వద్దు' 50.58 శాతంతో గట్టెక్కింది.

తర్వాత ఎంతమంది ఓటేశారో చూడండి. 2017లో స్పెయిన్‌లోని కాటలోనియాలో 90 శాతం 'అవును' అన్నారు గానీ, పోలింగ్ 43 శాతమే. వద్దనేవాళ్లు చాలామంది గడప దాటలేదు. పైగా అది కేంద్రం ఒప్పుకోని ఓటు. 2006లో సెర్బియా నుంచి విడిపోవాలంటే మాంటెనెగ్రోలో 'అవును'కు 55 శాతం రావాలని ముందే షరతు పెట్టారు, 55.5 వచ్చింది!

అసలు కథంతా పంపకాల్లో ఉంటుంది. చెకోస్లొవేకియా రిఫరెండమే లేకుండా 1993 జనవరి 1న చెక్, స్లొవేకియా దేశాలుగా విడిపోయింది. కరెన్సీ ఉమ్మడిగా ఉంచుకుందామనుకున్నారు, ఆరు వారాలు కూడా నిలవలేదు. కొత్త నోట్లు వచ్చేదాకా పాత నోట్ల మీదే స్టాంపులు అంటించి నడిపారు. అందుకే జెండాలు పక్కన పెట్టి, అప్పు ఎవరిది, నోటు ఎవరిది, సైన్యం ఎవరిది అని ఎవరైనా అడుగుతున్నారా అని చూస్తాను. ఆ ఊసే లేకపోతే పేజీ తిప్పేస్తాను.