జబ్బు పడ్డ కుందేలును ఇంట్లో సాకడం ఎట్లా

కుందేలు ఒక పూట మేత ముట్టకపోతే "రేపు చూద్దాంలే" అనుకోకూడదు. దాని పేగు ఆగకుండా కదులుతూనే ఉండాలి. పన్నెండు గంటలు ఏమీ తినకుండా, పెంటికలు వేయకుండా ఉందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. కాబట్టి ముందు ఆస్పత్రి, ఆ తర్వాతే ఇంటి వైద్యం. తిరుపతిలో మాకు పశువైద్య కళాశాల ఆస్పత్రి ఊళ్ళోనే ఉండాది. చిత్తూరు వైపు, పల్లెల్లో ఉండేవాళ్ళు కుందేళ్ళను చూసే డాక్టరు ఎవరో బాగున్నప్పుడే కనుక్కోండి. ఆవుల్నీ గొర్రెల్నీ బాగా చూసే డాక్టర్లకు కూడా కుందేలు అలవాటు లేకపోవచ్చు. డాక్టరు చూసి, మందులు రాసి, "ఇంటికి తీసుకుపొయ్యి జాగ్రత్తగా చూసుకోమ్మా" అని పంపించినాక మనం చేయాల్సిన పని గురించే నేను రాస్తున్నాను. మా కుందేలు మల్లిని సాకుతూ నేర్చుకున్నదే ఇదంతా.

తనంతట తాను తినని కుందేలుకు సూది లేని సిరంజితో నోట్లో మేత పెట్టాలి. ఆ సిరంజి పట్టుకునే ముందు ప్రతిసారీ పొట్ట తడిమి చూడండి. మెత్తగా ఉంటే సరే. బిర్రుగా ఉబ్బి, తాకితే ముడుచుకుపోతా ఉంటే ఒక్క చుక్క కూడా పెట్టొద్దు. పేగులో ఏదో అడ్డం పడి ఉండొచ్చు. కుందేలుకు వాంతి చేసుకోవడం చేతకాదు, పెట్టిందంతా లోపలే నిలిచిపోతుంది. అర్ధరాత్రి అయినా సరే డాక్టరుకు ఫోన్ చేయండి.

ఇక తినిపించడం. అసలు పనంతా ఇదే. జబ్బు పడ్డ కుందేళ్ళకు నీళ్ళలో కలిపి పెట్టే, గడ్డితో చేసిన రికవరీ పొడి దొరికితే మంచిది. తిరుపతి షాపుల్లో అన్నిసార్లూ ఉండదు, ఆన్‌లైన్‌లో తెప్పించి ఒక ప్యాకెట్ ఇంట్లో పెట్టుకోండి. అది లేని రాత్రి, రోజూ పెట్టే పెల్లెట్లనే (షాపులో అమ్మే గుళికల మేత) గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మిక్సీలో మెత్తగా తిప్పి, టీ జాలిలో వడగట్టండి. లేకపోతే సిరంజి మూతి అడ్డుకుంటుంది. మల్లికి కేజీ బరువుకు రోజుకు 50 మి.లీ. లెక్కన, ఐదు విడతలుగా పెట్టమన్నారు మా డాక్టరు. మీ కుందేలు లెక్క మీ డాక్టరునే అడగండి.

మెత్తటి తువ్వాలు నేల మీద పరిచి, కుందేలును దాంట్లో మెడ దాకా చుట్టండి. ఎత్తుకుని నిలబడి పెట్టొద్దు. అది వెనక కాళ్ళతో ఒక్క తన్ను తన్నిందంటే దాని వెన్నెముకే విరగొచ్చు. వెల్లకిలా పడుకోబెట్టొద్దు, మేత ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నాలుగు కాళ్ళ మీద కూర్చున్నట్టే ఉంచి, ముందు పళ్ళ వెనక పక్కగా ఒక ఖాళీ ఉంటుంది, అక్కడి నుంచి సిరంజి మూతి పోనివ్వండి. అర మి.లీ., మహా అయితే ఒక మి.లీ. వదిలి ఆగండి. దవడ అటూ ఇటూ ఆడుతుంది, గొంతు కదులుతుంది. అది మింగినాకే రెండోసారి. మల్లి మొదట్లో మొహం పక్కకు తిప్పేసి, గడ్డమంతా పచ్చగా పూసుకునేది. అప్పుడు నేను తొందరపడకుండా దాని నుదురు నిమురుతా కూర్చునేదాన్ని. మా అవ్వ పక్కన నిలబడి "మజ్జిగ తాపించమ్మే, చలువ" అనేది. వద్దవ్వా, పాలు, పెరుగు, మజ్జిగ, పంచదార నీళ్ళు ఏవీ దాని పేగుకు పడవు.

సిరంజి పెడతా ఉన్నా సరే, ఎండుగడ్డి, కడిగిన గరిక, కొత్తిమీర దాని ముక్కు ముందరే ఉండాలి. కొత్తిమీర కాడను వేళ్ళతో నలిపి వాసన చూపించండి, ఒక్కోసారి దాంతోనే నోరు కదుపుతుంది. రోడ్డు పక్క గరిక మాత్రం కోయొద్దు. నీళ్ళు సీసాలో కన్నా బరువైన గిన్నెలో పెట్టండి.

ఒళ్ళు వేడి చూడడానికి థర్మామీటరు కొనకు వాజ్‌లైన్ రాసి ఆసనంలో పెట్టాలి. ఎట్లా పట్టుకోవాలో డాక్టరు దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి. 101 నుంచి 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా మామూలే. 100 కన్నా దిగితే మేత పెట్టొద్దు. వేడినీళ్ళ సీసాను బట్టలో చుట్టి పక్కన పెట్టి, డాక్టరుకు ఫోన్ చేయండి. మన ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో దీనికి ఎదురు కష్టం, ఒళ్ళు కాగిపోతుంది. కుందేలుకు మనలాగా చెమట పట్టదు. 105 చూపిస్తే చెవులు చల్లటి నీళ్ళతో తడిపి, ఫ్యాన్ కింద పెట్టి, ఆస్పత్రికి బయలుదేరండి. ఐసునీళ్ళలో ముంచొద్దు.

ముడుచుకుని కూర్చుని పళ్ళు గట్టిగా పటపట కొరుకుతా ఉంటే నొప్పి అని అర్థం. నొప్పి ఉన్న కుందేలు ఎంత బతిమాలినా తినదు, అందుకే నొప్పి మందు వేళ తప్పించొద్దు. మన ఇంట్లో మాత్రలు, పక్కింటి కుక్కకు మిగిలిన మందులు అసలే వద్దు. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ నోటి ద్వారా వేస్తే పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి కుందేలు ప్రాణమే పోవచ్చు. కుక్కలకు పిడుదుల కోసం వేసే ఫిప్రోనిల్ కూడా దానికి విషమే.

వెనక భాగం పొద్దున, సాయంత్రం చూడండి. తడిగా, మురికిగా ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి, గంటల్లో పురుగులు పడతాయి. ఆ మేరకే గోరువెచ్చని నీళ్ళతో తుడిచి పూర్తిగా ఆరబెట్టండి. ఒళ్ళంతా స్నానం చేయించొద్దు. కింద మెత్తటి బట్ట వేసి, తడిసిన ప్రతిసారీ మార్చండి. జత కుందేలు ఉంటే, డాక్టరు వద్దనకపోతే విడదీయొద్దు.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఎన్ని గంటలకు ఎన్ని మి.లీ. తిన్నది, ఏ మందు వేసింది, పొద్దున వంటింటి కాటా మీద బరువెంత, పెంటికలు ఎన్ని, ఎంతెంత సైజు అన్నీ రాయండి. మామూలుగా అవి శనగ గింజంత ఉంటాయి. చిన్నవిగా, ఒంకరగా వచ్చినా మొదట్లో సంతోషమే, పేగు కదిలిందన్న మాట. ఆస్పత్రికి పోయేటప్పుడు కొన్ని కవర్లో వేసి తీసుకుపోండి. మన మాటల కన్నా డాక్టరుకు అవే ఎక్కువ చెప్తాయి.

ఇంత చేసినా బరువు రోజురోజుకూ పడిపోతా, మందు పడినా నొప్పి తగ్గకుండా ఉంటే, ఇంకా సాకడం దానికి మేలా, బాధా అని డాక్టరును సూటిగా అడగండి. అట్లా అడగడం ప్రేమ లేక కాదు.

తనంతట తాను గడ్డి నమలడం మొదలుపెట్టినాక సిరంజి ఒక్కసారిగా ఆపేయొద్దు. పెంటికలు మామూలు సైజుకు వచ్చి, బరువు నిలబడేదాకా విడతలు ఒక్కొక్కటే తగ్గించండి. పెల్లెట్లు అన్నిటికన్నా చివర, అదీ రోజుకు కొంచెం కొంచెంగా.